ఊరి ఫ్రీజర్ బాక్స్ సంఘం నలుగురి మీదే నడుస్తోంది, మీ ఊళ్లల్లో ఎలా చేస్తున్నారు?

మెట్‌పల్లి_తమ్ముడు

అందరికీ నమస్తే. మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు, 600 గడపల పైనే ఉంటాయి. 2017లో పదకొండు మందిమి కలిసి సేవా సంఘం పెట్టుకున్నాం. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి ఎవరైనా చనిపోతే కొడుకు వచ్చేదాకా శవాన్ని ఆపాలి. కంపెనీ వాళ్లు సెలవివ్వాలి, పాస్‌పోర్టు చేతికి రావాలి, టికెట్ దొరకాలి, ఎంత లేదన్నా ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. అంతకుముందు టౌన్ నుంచి ఫ్రీజర్ అద్దెకు తెచ్చుకునేవాళ్లం, అర్ధరాత్రి అయితే ఫోన్ ఎత్తేవాళ్లే కాదు. డబ్బుల్లేని ఇంట్లో ఐసుగడ్డలు పరిచి, మీద రంపపు పొట్టు పోసి ఉంచేవాళ్లు. అది చూడలేకే దుబాయ్, మస్కట్‌లలో ఉన్న మా ఊరి వాళ్లని అడిగితే తలా కొంత పంపారు, సొంతంగా ఫ్రీజర్ బాక్స్ కొన్నాం. రిజిస్టర్లో ఇప్పటికి 143 సార్లు రాసి ఉంది. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు.

పదకొండు మందిలో ఇప్పుడు మిగిలింది నలుగురం. ముగ్గురు గల్ఫ్ వెళ్లారు, ఇద్దరు హైదరాబాద్‌లో ఉన్నారు, ఇద్దరు ఊళ్లోనే ఉన్నా ఇంట్లో వాళ్లు వద్దంటున్నారని మానేశారు. నేను వాళ్లని తప్పు పట్టను. పెళ్లయిన కొత్తలో రోజూ చావు ఇంటికి పోయి వస్తుంటే ఎవరింట్లో అయినా అంటారు. మా అమ్మ మాత్రం ఏమీ అడగదు. రాత్రి రెండింటికి వచ్చినా గడప బయట బకెట్ నిండా వేడినీళ్లు, మీద చెంబు, పక్కనే ఉతికిన లుంగీ ఉంటాయి.

మొన్న ఎండాకాలంలో ఒక రాత్రి బాక్స్ ఆగిపోయింది. ఒక పెద్దమ్మ చనిపోతే కొడుకు పొద్దున దిగాల్సి ఉంది. ఒకటిన్నరకి ఫోన్ వస్తే పరుగెత్తాను, నేను పోయేసరికి అద్దం లోపల అంతా చెమట పట్టినట్టు నీళ్లు కారుతున్నాయి, ఆమె బిడ్డ కొంగుతో ఆ అద్దాన్ని తుడుస్తూనే ఉంది, తుడిస్తే తల్లి మొహం కనబడుతుందని. కరెంటు హెచ్చుతగ్గులకి ఆగిందని తర్వాత తెలిసింది. ఏదో వైరు మార్చి నడిపించాం గానీ ఆ రాత్రి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. బాక్స్ బయటికి వెళ్లిందంటే నిద్ర రాదు.

నేను అడిగేది ఏమిటంటే, మనుషులు తగ్గిపోతుంటే దీన్ని ఎలా నిలబెట్టుకోవాలి? అద్దె పెట్టి ఒక మనిషిని జీతానికి పెట్టుకుందామని మాలో ఒకరు అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. సంఘం రిజిస్టర్ కూడా కాలేదు, డబ్బులు నా ఖాతాలోనే ఉన్నాయి, అది కూడా బరువుగానే ఉంది. మీ ఊళ్లల్లో ఇలాంటి పని నడుస్తుంటే ఎలా నడుస్తుందో చెప్పండి.

ఆర్మూర్_పాత_కోశాధికారి

తమ్ముడూ, ముందు ఆ డబ్బు నీ ఖాతాలోంచి తీసెయ్. మిగతావన్నీ తర్వాత. నువ్వు పైసా ముట్టుకోవని ఊరికి తెలుసు, నాకు నువ్వు రాసింది చదివితేనే తెలుస్తోంది, అయినా సరే తీసెయ్. రేపు నీకేమైనా అయితే ఆ డబ్బు నీ వారసులదవుతుంది, సంఘానిది కాదు. మా దగ్గర ఇంచుమించు అలాగే అయింది, పోయినాయన భార్య మంచిది కాబట్టి తెచ్చి ఇచ్చింది గానీ అప్పటికి ఆరు నెలలు ఆమె బ్యాంకు చుట్టూ తిరిగింది.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. సంఘం ఎందుకు పెట్టారో ఒక పత్రం, నియమావళి ఒకటి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. తర్వాత సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండేలా తీర్మానం చేసుకోండి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, అది జరిగిన 15 రోజుల్లోపు కార్యవర్గం పేర్లు మళ్లీ రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి, చాలా సంఘాలు మొదటి ఏడాది చేసి ఇదే మర్చిపోతాయి. నియమావళి జిరాక్స్ సెంటర్లో దొరికేది పెట్టకు. బాక్స్ ఎవరి దగ్గర ఉండాలి, పాడైతే ఎవరు బాగు చేయించాలి, సంఘం మూతపడితే బాక్స్ ఎవరికి పోవాలి, ఇవి నీ మాటల్లో రాయి.

ఇక అద్దె సంగతి. మేం రెండేళ్లు 300 చొప్పున తీసుకున్నాం. దాంతో ఏమైందో చెప్తా విను. ఉన్నోళ్లు 300 ఇచ్చి, డబ్బులిచ్చాం కదా అని బాక్స్ ఎలా పడితే అలా వాడారు. లేనోళ్లు పిలవడమే మానేశారు. ఒకరోజు మాదిగవాడకి పోతే ఒక ముసలాయనని ఐసు మీద పెట్టి ఉన్నారు. బాక్స్ రెండు వీధుల అవతల ఖాళీగా ఉంది. ఎందుకు పిలవలేదని అడిగితే ఆయన కొడుకు తలొంచుకుని, చేతిలో లేవన్నా అన్నాడు. ఆ మరుసటి రోజే అద్దె ఎత్తేశాం. చావు జరిగిన ఇంట్లో చెయ్యి చాచొద్దు. దానికి బదులు ఏడాదికి ఇంటికి 100, దసరా ముందర అందరి దగ్గరా తీసుకుంటాం, ఇవ్వలేనోళ్లని అడగం, రాసుకోం. మీ 600 గడపల్లో సగం ఇచ్చినా 30 వేలు. బాక్స్ సంవత్సరం ఖర్చు అంతకంటే తక్కువే ఉంటుంది.

లెక్క మాత్రం పంచాయతీ గోడ మీద అతికించు, ప్రతి మూడు నెలలకూ. మనుషులు ఎందుకు పోయారని అడిగావు కదా, నా అనుభవంలో సగం మంది పని కష్టమై పోరు. సంఘంలో ఏం జరుగుతోందో తమకు తెలియక, అన్నీ ఒక్కడే చూసుకుంటున్నాడులే అని మెల్లగా జారుకుంటారు. 143 సార్లలో ఫోన్ ఎన్నిసార్లు నీకు కాక ఇంకొకరికి వచ్చిందో రిజిస్టర్ తీసి చూడు.

షార్జా_క్యాంపు

అన్నా నేను కోరుట్ల దగ్గరోడిని, షార్జాలో ఉంటా. మా నాయన పోయినప్పుడు నేను చేరేసరికి 31 గంటలయింది. మా ఊళ్లో కూడా మీలాంటి పిల్లలే బాక్స్ తెచ్చి పెట్టారు. వీడియో కాల్‌లో ఆ అద్దంలోంచి చూశాను నాయన్ని, ఇంటికి పోయాక కూడా మొహం అట్లనే ఉంది. ఆ పిల్లల పేర్లు కూడా నాకు తెలియదు అప్పటికి. మీరు చేసే పని ఏమిటో అవతల ఒడ్డున కూర్చున్నోడికి తెలుస్తుంది, ఆపొద్దు అన్నా దండం పెడతా.

పనికొచ్చే మాటలు రెండు మూడు చెప్తా. సంఘానికి మేం డబ్బు పంపితే ఫారిన్ డబ్బు కేసు అవుతుందని మా ఊళ్లో ఒకాయన భయపెట్టాడు. కాదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నోడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వమో బ్రిటన్ పౌరసత్వమో తీసుకున్నోళ్లు పంపితేనే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలి, మన ఊరి వాళ్లే అయినా సరే. కాబట్టి ఎవరు పంపారో, వాళ్లది ఏ పాస్‌పోర్టో రాసి పెట్టుకోండి.

ఇంకోటి, మా దిక్కు నుంచి బాక్సులో వచ్చేవాళ్ల సంగతి. శంషాబాద్‌లో దిగిన శవపేటికని ఊరి దాకా తేవడానికి రాష్ట్ర ప్రభుత్వ ఎన్నారై విభాగం ఉచితంగా అంబులెన్స్ ఇస్తుంది, ముందే చెప్పుకోవాలి, ఇది తెలియక అప్పు చేసి బండి మాట్లాడుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. గల్ఫ్‌లో చనిపోయినోళ్ల కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇవ్వాలని 2024లో జీవో వచ్చింది, కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకుని పోవాల్సిన పాస్‌పోర్టు మీద పోయినోళ్లకి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు. రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 కడితే వస్తుంది, ఇండియాకి సెలవు మీద వచ్చినప్పుడు గడువు అయిపోయిందో లేదో ఎవరూ చూసుకోరు. మీ సంఘం వాళ్లు బాక్స్ దింపడానికి పోయినప్పుడు ఈ మాట ఇంట్లో ఒక చదువుకున్న పిల్లకి చెప్పి రండి. ఆ రోజు కాదు, మూడోనాడు పోయి చెప్పండి, ఆ రోజు ఎవరికీ ఎక్కదు.

కోనసీమ_కూలింగ్_మెకానిక్

అండీ, మీరు రాసిన ఆ రాత్రి సంగతి చదివాక నాకు వేరే భయం వేసింది, ఆగిపోవడం గురించి కాదు. ఏదో వైరు మార్చి నడిపించాం అన్నారు చూడండి, అది. బాక్స్ ఇనుప బాడీ, కింద నీళ్లు కారతాయి, చుట్టూ పది మంది దాన్ని పట్టుకుని ఏడుస్తుంటారు, చాలామంది చెప్పులు లేకుండా తడి నేల మీద ఉంటారు. ఎర్త్ లేకుండా కరెంటు లీకైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పల్లెటూరి ఇళ్లల్లో మూడో పిన్ను ఉత్త అలంకారమే, వెనకాల వైరు ఉండదు.

అందుకని ముందు ఇది చేయించండి. బాక్స్‌తోపాటే వెళ్లే ఒక స్విచ్ బోర్డు తయారు చేయించుకోండి, అందులో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉండాలి, లీకేజీ ఉంటే రెప్పపాటులో కరెంటు కట్ చేసేస్తుంది. వైరు 2.5 స్క్వేర్ ఎంఎం తీసుకోండి, 16 ఆంప్స్ ప్లగ్గు. టీవీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు పెట్టొద్దు, వేడెక్కి కరిగిపోతుంది. ఇంట్లో ఎర్త్ లేకపోతే ఇంటి బయట తడి నేలలో దిగేసే ఎర్త్ కడ్డీ ఒకటి బండిలోనే ఉంచుకోండి. స్టెబిలైజర్ కొనేటప్పుడు టైమ్ డిలే ఉన్నది అడగండి. కరెంటు పోయి వెంటనే వచ్చిందనుకోండి, కంప్రెసర్ లోపల ప్రెషర్ ఇంకా దిగదు, అప్పుడే స్టార్ట్ అవబోయి మొరాయిస్తుంది. మీ బాక్స్ ఆ రాత్రి చేసింది అదే అయి ఉంటుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి వేస్తే చాలాసార్లు దానంతట అదే నడుస్తుంది.

బాక్స్‌ని ఆటోలో పక్కకి పడుకోబెట్టి తేవొద్దండి, కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది. శవాన్ని పెట్టే ముందు అరగంటైనా ఖాళీగా నడిపి చల్లబడనివ్వండి. తిరిగొచ్చాక బ్లీచింగ్ నీళ్లతో తుడిచి పది నిమిషాలాగి మామూలు నీళ్లతో మళ్లీ తుడవాలి, లేకపోతే స్టీలు తినేస్తుంది. వెనకాల జాలీలో దుమ్ము నెలకోసారి ఊదించండి. వాడినా వాడకపోయినా పదిహేను రోజులకోసారి గంటసేపు నడపండి. ఇవన్నీ ఒక అట్ట మీద తెలుగులో రాసి మూతకి అతికించండి, మీరు లేనప్పుడు కూడా ఎవరో ఒకరు చదువుకుంటారు.

తెనాలి_నర్సమ్మ

బాబూ, నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. మా వీధి సంఘంలో కూడా ఈ పనే చేస్తాం. నువ్వు రాసిన దాంట్లో పదకొండు మందీ మగపిల్లలే. ఒక్క ఆడమనిషిని కూడా అడగలేదా? శ్మశానానికి రామని అనుకుని ఉంటారు. కానీ మీ 143 మందిలో సగం మంది ఆడవాళ్లే అయి ఉంటారు కదా. స్నానం చేయించి, చీర కట్టి, బాక్స్‌లోకి ఎత్తేటప్పుడు నలుగురు కుర్రాళ్లు పట్టుకుంటుంటే ఆ ఇంటి ఆడవాళ్లు పైకి ఏమీ అనరు, కొంగు సరిచేయడానికి పదిసార్లు ముందుకు వస్తూనే ఉంటారు. మా దగ్గర ఆడమనిషి పోతే ముందు మా ఇద్దరికి ఫోన్ వస్తుంది. దుప్పటి నాలుగు కొసలూ పట్టి ఎత్తడం నేర్పిస్తే ఆరుగురు ఆడవాళ్లు చక్కగా ఎత్తగలరు. మీ ఊళ్లో పొదుపు సంఘాలు ఉండే ఉంటాయి, నెలనెలా లెక్క రాయడం వాళ్లకి కొట్టిన పిండి. తాళం చెవీ, లెక్కల పుస్తకం వాళ్లకిచ్చి చూడు.

ఇంకొక్క మాట, ఇది అడగడానికి సరైన మనిషివి నువ్వే. చావు జరిగిన ఇంటికి అందరికంటే ముందు చేరేది మీరే. కళ్లు ఇవ్వడానికి ఆరు గంటలే టైమ్. కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా, 80 ఏళ్లున్నా తీసుకుంటారు. కుక్కకాటు జబ్బు, ఎయిడ్స్, కామెర్ల వైరస్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటే తీసుకోరు. పోయినాయన ముందే కాగితం రాసి ఉండక్కర్లేదు, దగ్గరివాళ్లు ఒప్పుకుని సాక్షుల ఎదుట సంతకం పెడితే చాలు. టీమ్ ఇంటికే వస్తుంది, పని అరగంటలోపే అయిపోతుంది, మొహం మారదు, ఎవరూ డబ్బు అడగరు, ఇవ్వరు. వాళ్లు వచ్చేలోపు రెప్పలు మూసి, మీద తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి, ఫ్యాన్ ఆపేయాలి. మా దగ్గర చేసేది ఇంతే: ఇంటి పెద్దని పక్కకి పిలిచి ఒక్కసారి అడుగుతాం, వద్దంటే రెండోసారి అడగం. మీకు దగ్గర్లో ఐ బ్యాంకు ఎక్కడుందో ముందే కనుక్కుని నంబరు బాక్స్ మీద రాసిపెట్టు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో రామాయమ్మ ఐ బ్యాంకు వాళ్లని అడిగితే మీ వైపు ఎవరు వస్తారో చెప్తారు.

మరణం నమోదు కూడా గుర్తు చేయండి. ఇంట్లో పోతే 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయిస్తే ఫీజు లేదు. ఏడాది దాటిందంటే పై అధికారుల ఆర్డరు తెచ్చుకోవాలి, పెన్షన్లు, భూమి కాగితాలు అన్నీ దాని దగ్గరే ఆగుతాయి. ఈ తిప్పలు పడిన ఆడవాళ్లని ఆసుపత్రిలో ఎంతమందిని చూశానో.

వరంగల్_రవాణా

ఇదంతా ఎందుకన్నా, పంచాయతీకి అప్పగించేయండి. 2019లో పల్లె ప్రగతి పెట్టాక ఊరూరా వైకుంఠధామం పేరుతో శ్మశానం కట్టారు, ట్రాక్టర్ ఇచ్చారు. బాక్స్ కూడా వాళ్లే చూసుకుంటారు.

ఆర్మూర్_పాత_కోశాధికారి

ట్రాక్టర్ కట్టెలకి వాడుకోవచ్చు, కార్యదర్శిని అడిగితే ఇస్తాడు, అది మంచి మాటే. బాక్స్ మాత్రం ఇవ్వొద్దని నా అభిప్రాయం. సర్పంచ్ మారినప్పుడల్లా తాళం చెవి మారుతుంది, ఎవరి మనిషి పోయాడన్న లెక్క మొదలవుతుంది. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే పని ఎవరి డ్యూటీలోనూ ఉండదు. పంచాయతీ చోటు ఇవ్వనీ, కరెంటు ఇవ్వనీ, మనుషులు మాత్రం ఊరివాళ్లే ఉండాలి.

మెట్‌పల్లి_తమ్ముడు

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు వారాలు ఆగి రాస్తున్నా, ఏదైనా చేశాక రాద్దామని.

పెద్దన్న చెప్పినట్టు రిజిస్టర్ తీసి చూశాను. 143లో 118 సార్లు ఫోన్ నాకే వచ్చింది. ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నా. ఊరికి పని చేస్తున్నానని అనుకున్నా గానీ మిగతావాళ్లకి చోటివ్వలేదని తెలియలేదు. మానేసిన ఇద్దరి ఇళ్లకీ పోయాను. ఒకడు ముందే చెప్పేశాడు, ఎత్తడానికి రాలేనన్నా, కానీ నెలకోసారి జాలీ శుభ్రం చేసి బాక్స్ నడిపి చూసే పని నాకివ్వు, దానికి ఇంట్లో అభ్యంతరం లేదు అని. ఇన్నేళ్లలో వాడిని ఆ మాట ఎవరూ అడగలేదు. ఇప్పుడు వారానికి ఒకరి దగ్గర ఫోన్ ఉంటోంది, నంబరు మాత్రం ఒక్కటే, సిమ్ చేతులు మారుతుంది. పోయిన వారం నాది కాదు, తెల్లవార్లూ నిద్రపోయాను.

మెకానిక్ గారు, మీరు చెప్పిన బోర్డు చేయించాను. మొదటిసారి పెట్టిన ఇంట్లోనే ఆర్‌సీసీబీ పడిపోయింది, చూస్తే ప్లగ్గు దగ్గర వైరు తోలు ఊడి ఉంది. ఇన్నాళ్లూ దాంతోనే నడిపామని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. మీకు చేతులెత్తి మొక్కాలి.

నర్సమ్మా, పొదుపు సంఘం లీడర్ దగ్గరికి మా అమ్మనే పంపాను. ముగ్గురు వస్తామన్నారు. అడిగేదాకా ఆగారా ఇన్నేళ్లు అని మా అమ్మ నన్ను అంది. మొన్న బుధవారం ఒక పెద్దమ్మ పోతే అమ్మే ముందు బయలుదేరింది, దుప్పటి కొసలు ఎలా పట్టాలో మిగతావాళ్లకి తనే చూపించింది. వచ్చేసరికి పదకొండు దాటింది. ఈసారి గడప బయట నీళ్లు కాచి పెట్టింది నేను.

కళ్ల విషయం ఇంకా ఎవరినీ అడగలేకపోయాను, ఇంటి పెద్దని పక్కకి పిలిచాక మొదటి మాట ఏమని మొదలుపెడతారో కాస్త చెప్తారా?

తెనాలి_నర్సమ్మ

పోయినవాళ్ల పేరు పెట్టి మొదలుపెట్టు నాయనా. "రాజవ్వ కళ్లతో ఇంకో ఇద్దరు చూడొచ్చు, మీకు ఇష్టమైతే ఫోన్ చేస్తాను" అని అను, అని ఊరుకో. అవతలివాళ్లు నేల చూస్తారు, లోపలికి పోయి ఎవరినో అడిగొస్తారు. ఆ ఐదు నిమిషాలూ నువ్వేమీ మాట్లాడకు, అక్కడే నిలబడు.